పట్నంలో కనిపించే మన జీవాలు

హైదరాబాద్ నగరంలో బోనుల బయట బతుకుతున్న అడవి జీవాలు దాదాపు అన్నీ దక్కన్ పీఠభూమివే. కృష్ణజింక, నెమలి, పాలపిట్ట, ఉడుము, ముంగిస, అడవిపిల్లి, ఏదుపంది, తీతువు, లకుముకి పిట్ట... వీటిని ఎవరూ ఎక్కడి నుంచో తెచ్చి వదల్లేదు. నగరం పుట్టకముందు నుంచి ఆ నేల మీద ఉన్నవే. నగరమే వాటి చుట్టూ పెరిగింది. వనపర్తి జిల్లా అమరచింత నుంచో, గద్వాల నుంచో, నాగర్‌కర్నూలు నుంచో పట్నం వెళ్లేవారికి ఇవి కొత్త కాదు. ఊరి పొలిమేరలో, కుంట కట్ట మీద, జూరాల కాలువ గట్టున చూసినవే. అయినా పట్నంలో వాటిని చూసి వచ్చినవారు తక్కువ. ఆసుపత్రి పని, పరీక్ష, కోర్టు వాయిదా, మేస్త్రీ పని, పెళ్లి బట్టలు... ఏదో ఒక పని మీద ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా, అంటే పాలమూరు జనం తరతరాలుగా పట్నం పోతూనే ఉన్నారు. తీరిక దొరికితే చార్మినార్, ట్యాంక్‌బండ్, జూపార్కు చూసి తిరుగు బస్సు ఎక్కుతారు. అదే నగరంలో, మెట్రో రైలు చేరేంత దూరంలో కృష్ణజింకల మందలు మేస్తున్న సంగతి చాలామందికి తెలియదు.

హైదరాబాద్‌ది, పాలమూరుది ఒకే రకం నేల. అడుగున ఉన్నది సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు. అది పగిలి, అరిగి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండల గుట్టలయింది. గుట్టల నడుమ తుమ్మ, రేగు, తంగేడు, మోదుగ, సీతాఫలం పొదలు. పల్లంలో కుంటలు, వాటికి దిగువన చెరువులు. నాలుగు నెలల వాన, ఆ మీద పొడి గాలి, ఎండ. ఇలాంటి నేలను చూసి బంజరు అంటారు. రెవెన్యూ కాగితాల్లో కూడా అదే రాసి ఉంటుంది. అడవి అంటే పొడుగాటి చెట్లు ఉండాలని మనకు చిన్నప్పటి నుంచి పుస్తకాలు నేర్పాయి. కానీ కృష్ణజింకకు దట్టమైన అడవి పనికిరాదు. దానికి కావలసింది దూరం దాకా కనపడే గడ్డి బీడు. పాలపిట్టకు, తీతువుకు, కౌజుకు, కుందేలుకు, నక్కకు కూడా ఆ బీడే ఇల్లు. నగరంలో ఈ జీవాలు మిగిలిన చోట్లను వరుసగా చూస్తే ఒక సంగతి తేలుతుంది. వాటిలో చాలా చోట్లను మొదట జంతువుల కోసం కాపాడలేదు. ఒకటి వేట మైదానం, ఒకటి రాజకుటుంబపు ఎస్టేటు, ఒకటి తాగునీటి చెరువు, ఒకటి విశ్వవిద్యాలయం. ఏదో ఒక కారణంతో ఇళ్లు లేవకుండా ఆగిన నేలే వాటికి దక్కింది.

అమరచింత వైపు నుంచి వచ్చేవారు ఆత్మకూరు, కొత్తకోట మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, జడ్చర్ల, షాద్‌నగర్, శంషాబాద్ దాటి నగరంలోకి వస్తారు. మహాత్మా గాంధీ బస్ స్టేషన్, అంటే జనం నోట ఇమ్లీబన్, మూసీ నది మధ్యలో ఉంది. బస్సు దిగిన చోటే మొదటి చూపు మొదలవుతుంది. ఆకాశంలో రెక్కలు కదపకుండా గుండ్రంగా తిరుగుతున్నవి గద్దలు. కొద్దిగా చీలిన తోకను బట్టి వాటిని గుర్తుపట్టవచ్చు. మాంసం కొట్ల వ్యర్థాలు, ఎలుకలు వాటికి తిండి. కింద మూసీలో పారుతున్నది చాలా వరకు మురుగునీరే. ఆ నీటిలో కూడా తెల్లకొంగలు నిలబడి ఉంటాయి. వాటి దగ్గరలోనే సన్నటి, పొడుగాటి గులాబీ రంగు కాళ్లతో, నల్లటి రెక్కలు, తెల్లటి పొట్ట ఉన్న పిట్టలు గుంపులుగా నడుస్తూ బురదలోని పురుగులను ఏరుకుంటాయి. ఇవి మురుగును కూడా తట్టుకుంటాయి. నది బాగుందని వాటిని చూసి అనుకోకూడదు. శుభ్రమైన నీరు కావలసిన జీవాలు ఈ పాయను ఎప్పుడో వదిలిపోయాయి.

ఇమ్లీబన్ దగ్గరే మెట్రో స్టేషన్ ఉంది. అక్కడి ఎర్ర లైను ఒక కొస ఎల్బీనగర్, ఇంకో కొస మియాపూర్. ఎల్బీనగర్‌లో దిగి విజయవాడ రోడ్డున కొద్ది కిలోమీటర్లు పోతే వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి వస్తుంది. ఒకప్పుడు ఇది నిజాం వేట మైదానం. మహావీరుడి నిర్వాణానికి 2500 ఏళ్లు నిండిన సందర్భంగా 1975లో దీన్ని జింకల పార్కుగా ప్రకటించారు. 1994లో జాతీయ ఉద్యానం అయింది. విస్తీర్ణం 14.59 చదరపు కిలోమీటర్లు. వేటాడడానికి కాపాడిన నేలే చివరకు వేట నుంచి కాపాడే నేల అయింది. పార్కు లోపల సఫారీ బండ్లు ఉంటాయి. సెలవు రోజు ఎప్పుడో, బండి వేళలు ఏమిటో ముందే ఫోన్ చేసి కనుక్కోవడం మేలు.

ఇక్కడ చూడవలసినది కృష్ణజింక. ఎదిగిన మగ జింక వీపు ముదురు గోధుమ రంగు నుంచి నలుపు దాకా ఉంటుంది. పొట్ట, కాళ్ల లోపలి వైపు, కళ్ల చుట్టూ ఉండే వలయం తెలుపు. మెలి తిరిగిన కొమ్ములు మగవాటికే ఉంటాయి. ఆడ జింకలు, పిల్లలు లేత గోధుమ రంగులో ఉంటాయి. మగపిల్ల పుట్టుకతో నల్లగా ఉండదు, వయసుతో పాటు రంగు ముదురుతుంది. అందుకే ఒకే మందలో రకరకాల ఛాయల మగ జింకలు కనిపిస్తాయి. బాగా నల్లగా ఉన్నది సాధారణంగా ఒక జాగాను తనదిగా చేసుకొని కాస్తుంది. రోజూ ఒకేచోట పెంటిక వేసి, కంటి కింది గ్రంథిని గడ్డిపరకలకు, ముళ్ల కొమ్మలకు రుద్ది, ఆ జాగాకు హద్దు గుర్తు పెడుతుంది. ఇంకో మగ జింక ఆ హద్దులోకి వస్తే తల పైకెత్తి, కొమ్ములు వీపు మీదికి వాల్చి, చెవులు దించి, ఒక్కో అడుగు లెక్కపెట్టినట్టు నడుస్తుంది. చాలాసార్లు ఆ నడకతోనే తగవు తీరిపోతుంది. తీరకపోతే కొమ్ములు పెనవేసుకుంటాయి. బండి చప్పుడుకు మంద బెదిరినప్పుడు మొదట ఒకటి నిటారుగా గాలిలోకి ఎగురుతుంది, దాని వెనక మిగతావి. ఆ ఎగరడం చూసినవారు చాలా కాలం మరిచిపోరు. పరుగులో ఇది గంటకు 80 కిలోమీటర్ల వేగం అందుకోగలదు. ఈనిన తల్లి పిల్లను గడ్డిలో దాచి దూరంగా మేస్తుంది. పిల్ల కదలక మెదలక పడుకొని ఉంటుంది. దిక్కులేని పిల్ల అనుకొని ఎవరైనా ఎత్తుకుపోతే తల్లి నుంచి దాన్ని విడదీసినట్టే.

పాలమూరువారికి కృష్ణజింక గురించి వేరే చెప్పనక్కరలేదు. నారాయణపేట, మక్తల్, కృష్ణా మండలాల వైపు నల్లరేగడి చేలలో మందలు మందలుగా తిరుగుతాయి. మొలకెత్తిన పత్తి, కంది, జొన్న మీద పడి మేస్తాయి. రాత్రిళ్లు చేను కాయలేక, విత్తనం మళ్లీ కొనలేక రైతు పడే బాధ నిజమైనది. వీటిని వేరే చోటికి తరలించమని ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. పట్నంలో టికెట్టు కొని చూసే జింక, ఊళ్లో పంట తినే జింక ఒకటే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రెండు చోట్లా దానికి మొదటి షెడ్యూలు రక్షణ ఇచ్చింది. తేడా భూమిలో ఉంది. హరిణ వనస్థలిలో బీడు బీడుగానే మిగిలింది. కృష్ణా తీరంలో బీళ్లన్నీ సాగులోకి వచ్చాయి, జింకకు చేను తప్ప మేత లేకుండా పోయింది. నష్టపరిహారం వేగంగా అందితే రైతుకు దాని మీద కోపం సగం తగ్గుతుంది. ఆ పని సర్కారుది. జింక కడుపు కోసం రైతు ఒక్కడే మూల్యం చెల్లించాలనడం న్యాయం కాదు.

నగరం నడుమ కృష్ణజింకలున్న చోటు హైదరాబాద్ ఒక్కటే కాదు. చెన్నైలో గిండీ జాతీయ ఉద్యానం ఉంది. మూడు చదరపు కిలోమీటర్లకు కూడా చాలని ఆ చోట గవర్నర్ నివాసం, ఐఐటీ ప్రాంగణాల పక్కనే కృష్ణజింకలు, మచ్చల జింకలు బతుకుతున్నాయి. పాలమూరు కూలీలు ఎందరో వెళ్లిన ముంబైలో సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానం సుమారు 100 చదరపు కిలోమీటర్లు. అక్కడ చిరుతపులులే ఉన్నాయి. రాత్రిపూట బస్తీల అంచుకు వచ్చి ఊరకుక్కలను పట్టుకుంటాయి. అంతటి మహానగరంలో మనుషులు, చిరుతలు ఒకే హద్దు మీద కాపురముంటున్నారు.

మెట్రోలో అమీర్‌పేట దగ్గర నీలం లైనుకు మారి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ స్టేషన్‌లో దిగితే కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానం దగ్గర. జనం కేబీఆర్ పార్కు అంటారు. నగరంలోని ఖరీదైన ఇళ్ల నడుమ దాదాపు 390 ఎకరాల పొదల అడవి ఇది. అసఫ్‌జాహీ వంశపు చిరాన్ ప్యాలెస్ ఎస్టేటు చేతులు మారి, 1998లో ఉమ్మడి రాష్ట్ర మాజీ ముఖ్యమంత్రి పేరుతో జాతీయ ఉద్యానమైంది. పొద్దున, సాయంత్రం వేళల్లో లోపలికి వదులుతారు. నడకకు వచ్చేవారే ఎక్కువ. చెవిలో పాటలు పెట్టుకొని వడివడిగా నడిచేవారికి నెమలి అరుపు తప్ప మరేదీ తెలియదు. ఒకచోట పది నిమిషాలు కూర్చున్నవారికి అడవి బయటపడుతుంది.

నెమళ్లు ఇక్కడ విరివిగా ఉన్నాయి. తెల్లవారుజామున చెట్ల మీది నుంచి దిగి దారి పక్కనే గింజలు, పురుగులు ఏరుకుంటాయి. వానలు మొదలయ్యే జూన్, జూలై నెలల్లో మగ నెమళ్లు పురి విప్పి ఆడతాయి. ఆ కాలం గడిచాక ఈకలు రాలిపోతాయి, చలికాలం చివరికి మళ్లీ పెరుగుతాయి. కాబట్టి సెప్టెంబరులో వెళ్లి పురి లేదని నిరాశ పడనక్కరలేదు. ముంగిస దారికి అడ్డం పడి పొదలో దూరుతుంది. జెముడుకాకి రాగి రంగు రెక్కలతో ముళ్లకంపలో నడుస్తూ గొంతు లోపలి నుంచి కూస్తుంది. ఇక్కడ 140 రకాల దాకా పక్షులున్నట్టు లెక్క. ఏదుపంది, పునుగుపిల్లి, అడవిపిల్లి రాత్రి సంచారులు, నడకకు వచ్చినవారికి ఎదురుపడవు. కానీ నేల మీద పడి ఉన్న నలుపు తెలుపు చారల ముల్లు ఒకటి కంటపడితే ఏదుపంది ఆ దారినే పోయిందన్నమాట.

కేబీఆర్‌లోను, నగరంలోని ఖాజాగూడ గుట్టల్లోను దగ్గరగా చూడదగిన జీవి ఇంకొకటి ఉంది, బండల మీది తొండ. ఊళ్లో రాళ్ల మీద దీన్ని చూడనివారుండరు. మామూలు రోజుల్లో రాతి రంగులో కలిసిపోయి ఉంటుంది. జతకట్టే కాలం వచ్చిందంటే మగదాని తల, వీపు ఎరుపు, నారింజ రంగులకు తిరుగుతాయి. పక్కలు, కాళ్లు, తోక కారునలుపు అవుతాయి. అందరికీ కనపడే ఎత్తయిన బండ కొసను ఎంచుకొని ఎక్కి, ముందుకాళ్ల మీద ఒళ్లు లేపుతూ దించుతూ తల ఆడిస్తుంది. ఆడదాన్ని పిలవడమూ, పక్క బండ మీది మగదాన్ని బెదిరించడమూ ఆ ఒక్క కదలికతోనే. మనిషి నీడ పడితే బండ చాటుకు జారి, అవతలి అంచు నుంచి తొంగి చూస్తుంది. కదలకుండా ఉంటే కాసేపటికి మళ్లీ అదే కొస మీదికి వస్తుంది. ఒక్కో బండను పేల్చి కంకర చేసినప్పుడల్లా ఇలాంటి సంసారాలు కొన్ని పోతాయి. అలాంటి బండల గుట్టల మీదే గుడ్లగూబల్లో పెద్దవాటిలో ఒకటైన కొమ్ముల గుడ్లగూబ కూడా కాపురం చేస్తుంది. హైదరాబాద్ గుట్టలను కాపాడడానికి 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థ పనిచేస్తున్నది.

కేబీఆర్ చుట్టూ ఫ్లైఓవర్ల పేరిట చెట్లు కొట్టడంపై ఏళ్లుగా నగరవాసులు ఆందోళన చేస్తున్నారు. జాతీయ ఉద్యానం చుట్టూ కొంత మేరను పర్యావరణ సున్నిత ప్రాంతంగా ప్రకటించి, అక్కడ కట్టడాలను అదుపులో పెట్టాలన్నది నియమం. 2020లో ఈ పార్కుకు ఖరారు చేసిన ఆ వెడల్పు కొన్నిచోట్ల 3 మీటర్లు, అన్నిటికన్నా ఎక్కువ ఉన్నచోట 30 మీటర్ల లోపే. జాతీయ ఉద్యానానికి ఇది ఎంత మాత్రం సరిపోని రక్షణ. వెలుతురు, హారన్లు గోడను దాటి లోపలికి పోతాయి. రాత్రి తిరిగే జంతువుకు చీకటి కూడా ఒక ఆస్తి.

ఎర్ర లైను రెండో కొస మియాపూర్ నుంచి కొద్ది కిలోమీటర్ల దూరంలో సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ చెరువు ఉంది. కుతుబ్‌షాహీల నాటిదని చెప్పే ఈ పాత చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దేశంలో నగర పరిధిలోని చెరువుకు ఆ గుర్తింపు దక్కడం అదే మొదలు. పోలీసు అధికారిణి తేజ్‌దీప్ కౌర్ మీనన్ పూనుకొని ఈ చెరువును శుభ్రం చేయించి, మొక్కలు నాటించారు. చలికాలం పొద్దున కట్ట మీద నిలబడితే ఒక చెరువులో ఎన్ని రకాల బతుకుతెరువులు ఇముడుతాయో తెలుస్తుంది. లోతు నీటిలో నీటికాకి మునిగి చేప పట్టి, తేలి, గట్టెక్కి రెక్కలు ఎండబెట్టుకుంటుంది. బుడబుంగ ఒకచోట మునిగి ఇంకోచోట తేలుతుంది. నొసట తెల్లటి మచ్చ ఉన్న నామాలకోళ్లు నడిమి నీటిలో గుంపు కడతాయి. మోకాటి లోతులో నారాయణపక్షి చాలాసేపు ఒంటికాలి మీద నిలబడి, ఒక్క పోటుతో చేపను అందుకుంటుంది. తామరాకుల మీద పొడుగు వేళ్ల పిట్టలు ఆకు మునగకుండా నడుస్తాయి. ఒడ్డు బురద తీతువుది. దాని గూడు అంటే నేల మీద నాలుగు గులకరాళ్లే. గుడ్లు కూడా గులకరాళ్ల రంగులో ఉంటాయి. మనిషి దగ్గరికి వస్తే నెత్తి మీద తిరుగుతూ గోల చేస్తుంది. ఆ అరుపును అపశకునం అనేవారున్నారు. పాపం, అది తన గుడ్లు తొక్కవద్దని మొత్తుకోవడం.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వీటికి వలస చుట్టాలు తోడవుతారు. మధ్య ఆసియా, సైబీరియా వైపు నీరు గడ్డకట్టే వేళకు సూదితోక బాతులు, వెడల్పు ముక్కు బాతులు దక్కన్ చెరువులకు దిగుతాయి. ఫ్లెమింగోలు కూడా అమీన్‌పూర్‌కు వస్తుంటాయి. గులాబీ రంగు ఒళ్లు, నల్లటి తల ఉన్న గోరింకలు వేల సంఖ్యలో వచ్చి సాయంత్రాలు చెట్ల మీద వాలుతాయి. జొన్న కంకి పాలు పోసుకునే వేళ అవి చేల మీద పడతాయని పాలమూరు రైతుకు తెలుసు. అవే గోరింకలు మిడతలను కూడా తింటాయని తెలిసినవారు కొంచెం తక్కువ. చెరువు నిండా నీరుంటే బాతులు, నీరు తగ్గి బురద తేలితే బురదలో నడిచే పిట్టలు ఎక్కువ. అందువల్ల ఒకే చెరువు నెలకో రకంగా కనిపిస్తుంది. పటాన్‌చెరు పరిశ్రమల ప్రాంతం పక్కనే ఉండడం, చుట్టూ వెంచర్లు రావడం అమీన్‌పూర్‌కు తీరని ముప్పు.

నగరానికి పడమట మొయినాబాద్ మండలం చిలుకూరులో బాలాజీ గుడికి పాలమూరు నుంచి ఎందరో భక్తులు పోతారు. గుడికి దగ్గరలోనే మృగవని జాతీయ ఉద్యానం ఉంది. విస్తీర్ణం 3.6 చదరపు కిలోమీటర్లు, జాతీయ ఉద్యానమైంది 1994లో. మచ్చల జింకలు, కణుజులు అక్కడ ఉన్నాయి. తెలంగాణ రాష్ట్ర జంతువు మచ్చల జింకే. ఆ పక్కనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన జంట జలాశయాలు ఇవి. ఒకటి 1920లో, ఇంకొకటి 1927లో పూర్తయ్యాయి. వీటి చుట్టూ 10 కిలోమీటర్ల లోపు 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలు రాకుండా 1996లో 111 జీవో వచ్చింది. నీటి కోసం పెట్టిన ఆ నిబంధన నీడలో పక్షులు, జింకలు, చెట్లు కూడా బతికాయి. 2022లో ఆ ఆంక్షలను సడలిస్తూ 69 జీవో ఇచ్చారు. మొయినాబాద్ మీదుగా తాండూరు, బీజాపూర్ వైపు పోయే దారిలో రోడ్డుకు రెండు వైపులా వందలాది మర్రిచెట్లు ఉన్నాయి. మర్రిపండ్ల కాలంలో పచ్చపావురాలు, గోరింకలు, కోయిలలు వాటి మీద ఉంటాయి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని చూసినవారికి మర్రిని నమ్ముకొని ఎంత సంసారం బతుకుతుందో చెప్పనక్కరలేదు.

జూపార్కు సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. నెహ్రూ జంతుప్రదర్శనశాల 1963 అక్టోబరు 6న తెరుచుకుంది. సోమవారం సెలవు. అది మీరాలం చెరువును ఆనుకొని ఉంది. 21 కమాను గోడలతో కట్టిన ఆ చెరువు కట్ట ఇప్పటికీ గట్టిగా నిలిచి ఉంది. జూలో సింహం, ఏనుగు చూసి వచ్చేస్తారు కానీ, పైన చెట్ల మీద, నీటి ఒడ్డున వాలే కొంగలు, నీటికాకులు ఎవరూ పెంచినవి కావు. స్వేచ్ఛగా వచ్చి పోయేవి. పిల్లలకు వాటిని కూడా చూపించాలి.

విద్యాసంస్థల ప్రాంగణాలు జీవాలకు పెద్ద అండ. పటాన్‌చెరులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్ ప్రాంగణంలో పొలాలు, చెరువులు, పొదలు కలిసి ఉండడం వల్ల పక్షి జాతులు విశేషంగా కనిపిస్తాయి. గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం నేలలో మచ్చల జింకలు, నెమళ్లు, నక్షత్ర తాబేళ్లు ఉన్నాయి. దాన్ని ఆనుకొని ఉన్న కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల చదును పని 2025 మార్చి చివర మొదలైంది. రాత్రీ పగలూ యంత్రాలు తిరిగాయి. నెమళ్ల అరుపులు, జింకల పరుగులు ఫోన్లలో దేశమంతా చూసింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపింది. అది అడవా, కాదా అన్న వాదన కాగితాల మీద ఎంతైనా సాగవచ్చు. అక్కడ కాపురమున్న జింకకు ఆ వాదనతో పని లేదు. కాగితంలో బంజరు అని రాసినంత మాత్రాన నేల ఖాళీ అయిపోదు.

చిరుతపులి ఈ జాబితాలో అరుదైనది. 2024 ఏప్రిల్ చివర శంషాబాద్ విమానాశ్రయం ప్రహరీ దగ్గర చిరుత కనిపించింది. అటవీశాఖ కెమెరాలు, బోన్లు పెట్టి కొద్ది రోజులకు దాన్ని పట్టుకుంది. జూలో వైద్య పరీక్షలు చేసి నల్లమలలో వదిలారు. అంటే పట్నంలో దారితప్పిన జీవికి చివరకు చోటిచ్చింది నాగర్‌కర్నూలు వైపు అడవే. సుమారు 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం దేశంలోని పెద్ద అభయారణ్యాల్లో ఒకటి. 1931-32లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ హైదరాబాద్ సంస్థానపు పక్షుల సర్వే చేసినప్పుడు ఆ అడవిలోని ఫర్హాబాద్‌లో కూడా మకాం వేశారు. ఇక మొసళ్ల కోసం అమరచింతవారు పట్నం దాకా పోనక్కరలేదు, జూరాల జలాశయంలోనే ఉన్నాయి. పట్నానికి దగ్గరగా అయితే సంగారెడ్డి జిల్లా మంజీరా అభయారణ్యం మొసళ్లకు పేరుపడింది.

రాష్ట్ర పక్షి పాలపిట్టను చూడడానికి ఏ పార్కూ అక్కరలేదు. నగర శివార్లలో కరెంటు తీగ మీద, ఒంటరి చెట్టు కొసన కూర్చొని ఉంటుంది. కూర్చున్నప్పుడు మాసిన గోధుమ రంగు పిట్ట. లేచిందంటే రెక్కల్లో రెండు నీలాలు తళుక్కుమంటాయి. దసరా నాడు జమ్మి పూజకు పోతూ పాలపిట్టను చూడడం తెలంగాణలో ఆచారం. ఆ నమ్మకాన్ని సొమ్ము చేసుకోవడానికి కొందరు పిట్టలను ముందే పట్టి, రెక్కలు కట్టేసి, తిండి నీళ్లు లేకుండా పంజరంలో తెచ్చి డబ్బులకు చూపిస్తారు. చాలా పిట్టలు దసరా వెళ్లేసరికి చచ్చిపోతాయి. ఇది చట్టరీత్యా నేరం. కట్టేసిన పాలపిట్టను చూస్తే శుభం కలుగుతుందని పెద్దలెవరూ చెప్పలేదు. బీడు మీద, తీగ మీద ఎగిరే పాలపిట్టను చూడడమే ఆచారం.

చూసే తీరు గురించి రెండు మాటలు. సూర్యోదయం తరువాతి రెండు గంటలు అన్నిటికన్నా మంచి సమయం. ఎండ ఎక్కితే జింక నీడకు, పక్షి ఆకు చాటుకు పోతుంది. మట్టి రంగు, ఆకు రంగు బట్టలు నయం. దుర్భిణి ఉంటే మంచిదే, లేకపోయినా ఓపిక ఉంటే చాలు. ఊళ్లో పశువులు కాసినవారికి, చేను కావలి ఉన్నవారికి అడుగుల గుర్తులు, అరుపులు, గాలి వాటం పట్నంవారికన్నా బాగా తెలుసు. ఆ చూపు ఇక్కడ అక్కరకొస్తుంది. తోడు కావాలంటే దక్కన్ బర్డర్స్ సంఘంవారు వారాంతాల్లో పక్షులను చూపించే నడకలు పెడుతుంటారు. బిస్కెట్లు, బ్రెడ్డు విసరకూడదు. ఆ తిండి వాటికి పడదు, పైగా మనిషి చేతికి అలవాటు పడిన జంతువు తొందరగా చస్తుంది. ఫొటో కోసం గూటి దగ్గరికి పోకూడదు. చిరుతో, మొసలో, పామో కనబడితే రాళ్లు వేయకుండా, గుమిగూడకుండా అటవీశాఖకు కబురు చేయాలి. నగరంలో పాముల కోసం ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీవారు కూడా వస్తారు.

ఈ ఏడు దసరా, సంక్రాంతి నడుమ పట్నంలో పని పడినవారు ఒక్క పొద్దుటి పూట అదనంగా ఉంచుకోవాలి. ఇమ్లీబన్‌లో మెట్రో ఎక్కి ఎల్బీనగర్ వైపు పోతే కృష్ణజింకలు, మియాపూర్ వైపు పోతే వలస బాతులు. పిల్లలను వెంట తీసుకుపోవాలి. తిరిగి వచ్చాక ఊరి చెరువు కట్ట మీదికి, జూరాల ఒడ్డుకు అదే పిల్లలను తీసుకుపోయి, పట్నంలో చూసిన పక్షుల్లో ఏవేవి ఇక్కడా ఉన్నాయో వాళ్లచేతనే పేర్లు రాయించాలి. ఆ జాబితాలు మండలంలోని బడుల్లో ఏటా పోగైతే, ఏ కుంటను పూడ్చకూడదో, ఏ గుట్టను క్వారీకి ఇవ్వకూడదో గ్రామసభలో చెప్పడానికి ఊరి చేతిలో ఆధారం ఉంటుంది.